పట్నం వదిలి చెలక మీదికి వచ్చి ఏడాది: మా సంగతి ఇది, రెండో ఏడాదికి సలహాలు కావాలి

చెలకబాట
అందరికీ నమస్తే. నిరుడు ఎండాకాలం సెలవుల్లో ఎల్బీనగర్ దగ్గర అద్దె ఇల్లు ఖాళీ చేసి ఊరికి వచ్చేశాం. నాంపల్లి మండలం. రైల్వే స్టేషన్ ఉన్న నాంపల్లి కాదు, నల్లగొండ జిల్లా నాంపల్లి. నేను, మా ఆవిడ, ఏడో తరగతి పాప, మూడో తరగతి బాబు. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉండేది. నాన్న పోయాక నాలుగెకరాల ఎర్ర చెలక కౌలుకు ఇచ్చాం. ఆ కౌలుదారు కూడా ఇక నా వల్ల కాదన్నాడు. అమ్ముదామా, మనమే దున్నుదామా అని ఇంట్లో చాలాకాలం నలిగి చివరికి ఇట్లా తేలింది.

మూడెకరాల్లో పత్తి, మధ్యమధ్య కంది సాళ్లు. బోరు కింద మిగిలిన ఎకరంలో కొంత వరి, కొంత కూరగాయలు. ఒక బర్రె.

వచ్చే ముందు విత్తనాలు, మందుల మీద వీడియోలు బాగానే చూశాను. అవి కొంత పనికొచ్చాయి. కానీ ఏడాది పొడుగునా మమ్మల్ని సతాయించింది వేరే. ఒకటో తారీఖు వస్తుంది, ఫోన్లో జీతం మెసేజ్ రాదు. మృగశిరలో విత్తనం, ఆ తర్వాత కలుపు, యూరియా, మందు, మళ్లీ కలుపు, ఆపైన పత్తి ఏరడానికి కిలో లెక్కన కూలి. దసరా దాకా అంతా చేతిలోంచి పోయేదే. పిల్లల వ్యాన్ ఫీజు, కిరాణా మాత్రం పంట వచ్చేదాకా ఆగవు కదా.

మొదటి ఏరుడు మొదలుపెట్టగానే అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చింది. చెట్టు మీదే పత్తి ముద్దయిపోయింది. కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం లోపుంటే పూర్తి ధర, 8 నుంచి 12 దాకా కోత, 12 దాటితే తీసుకోరు. స్లాబు మీద, అరుగు మీద, చివరికి ఇంట్లో మంచాల మీద కూడా ఆరబోశాం. ఫ్యాన్ వేసి పడుకుంటే పొద్దున లేచేసరికి ముక్కుల్లో దూది. ఆ మొదటి ఏరుడు పత్తి ఊళ్లోనే వ్యాపారికి అడిగినంతకు ఇచ్చేశాం. రెండో ఏరుడు యాప్‌లో స్లాట్ పెట్టుకుని కొనుగోలు కేంద్రంలో అమ్మాం, ఆ సీజన్‌లో (2025-26) పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 మద్దతు ధర ఉండేది కాబట్టి దాంతో ఊపిరి పీల్చుకున్నాం.

మొత్తం మీద అప్పు కాలేదు, చేతిలో ఏమీ మిగలనూ లేదు. ఇప్పుడు ఎకరంన్నరలో బత్తాయి పెడదామని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి. ఇట్లా ఊరికి తిరిగొచ్చిన కుటుంబాలు ఉంటే మీ మొదటి ఏడాది ఎట్లా గడిచిందో కూడా రాయండి.

పాలమూరు_పల్లి
అన్నా, మాది నాగర్‌కర్నూల్ దగ్గర. మేం వచ్చి నాలుగేళ్లయింది. మొదటి ఏడాది యాసంగిలో పల్లి వేసినం. పాలెం పరిశోధన కేంద్రం వాళ్లను అడిగి, విత్తనశుద్ధి చేసి, అంతా పద్ధతి ప్రకారం. ఊడలు దిగి కాయ ఊరిందో లేదో కోతుల మంద దిగింది. అవి పీకి తినేది తక్కువ, పీకి పారేసేది ఎక్కువ. పగలు కోతులు, రాత్రి అడవి పందులు. ఇంటిల్లిపాది షిఫ్టులు వేసుకుని కావలి కాసినం. మా ఊళ్లో సగం మంది పల్లి మానేసి పత్తికి పోయింది ధర చూసి కాదు, కోతి ముట్టదని. మీ కూరగాయలు ఎట్లా మిగిలినయి?

చెలకబాట
మిగల్లేదు తమ్ముడూ. టమాటా, సొర, బీర వాటికే పోయాయి. మిరప, వంకాయ కొంత చేతికొచ్చాయి. మా అమ్మ గులేరు పట్టుకుని గెట్టు మీద కూర్చుంటే రావు, నేను కూర్చుంటే వస్తాయి. ఎందుకో అడగకండి.

ఉప్పల్_రైడర్
కోతుల సంగతి సరే, ప్రశాంతత అయితే బాగుంటుంది కదన్నా? మేం ఇక్కడ ట్రాఫిక్‌లో చస్తున్నాం. నాక్కూడా ఎక్కడో ఒక రెండెకరాలు తీసుకుని...

చెలకబాట
పొద్దున నాలుగున్నరకు గుడి మైకు. తర్వాత ట్రాక్టర్లలో పాటలు. పెళ్లిళ్ల సీజన్‌లో అర్ధరాత్రి దాకా డీజే. ప్రశాంతత కావాలంటే మీ ఉప్పల్లోనే తలుపులేసుకుని ఏసీ వేసుకోండి. తిండి బాగుంది, నిద్ర బాగుంది, అది మాత్రం ఒప్పుకుంటాను.

బత్తాయి_మామ
తమ్మీ, బత్తాయి గురించి అడిగినవు కాబట్టి చెప్తున్న. కనగల్ దిక్కు ముప్పై ఏండ్ల నుంచి తోట చూసినోన్ని.

ముందు బోరు సంగతి చెప్పు. ఏప్రిల్, మే నెలల్ల ఎంత పోస్తది? వానాకాలంల పోసే నీళ్లు చూసి తోట పెట్టొద్దు. నల్లగొండ అంటే బత్తాయి అనే పేరు ఊరికే రాలేదు, అట్లనే ఆ తోటలు కొట్టేసి పత్తి పెట్టింది కూడా ఊరికే కాదు. బోర్లు ఎండినప్పుడు ట్యాంకర్లు పెట్టి చెట్లు కాపాడుకున్నోళ్లు అప్పులపాలయిన్రు. నీళ్లకు నమ్మకం ఉంటే ఎకరంతోనే మొదలుపెట్టు.

మన దగ్గర నడిచేది సాత్‌గుడి. రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టిన మొక్కలే తీసుకో, వేరుకుళ్లుకు తట్టుకుంటది. 25 అడుగులకొకటి పెడితే ఎకరానికి 70 చెట్ల దాకా వస్తయి. అంటు అతుకు భూమి పైకే ఉండాలె. చెట్టు మొదలు కాడ నీళ్లు నిలవొద్దు, మొద్దు చుట్టూ మట్టి ఎగదోసి, దాని బయట పాదు తియ్యాలె. డ్రిప్పు పెడితే ఈ గొడవ తగ్గుతది. కాపు నాలుగైదేండ్లకు. అప్పటిదాకా సాళ్ల మధ్య పెసర, అలసంద వేసుకో. పత్తి మాత్రం వెయ్యకు, చెట్టు తినాల్సిన బలమంతా అదే గుంజుకుంటది.

కాపుకొచ్చినంక అమ్ముకునుడు ఇంకో కథ. తూకంల సూటు అని కొంత బరువు కోస్తరు. అది అప్పుడు మాట్లాడుకుందాం.

చెలకబాట
మామా, మీరు చెప్పినంత వివరంగా ఎక్కడా దొరకలేదు. బోరు మేలో రెండించులు పోసేది ఇంచుకు పడిపోయింది. పూర్తిగా ఆగిపోలేదు.

బత్తాయి_మామ
అయితే ఎకరమే. ఎకరంన్నర మాట మర్చిపో.

నీళ్లచెంబు
అన్నయ్యా, బోరు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. తాగే నీళ్లు ఏవి? మాది మర్రిగూడ మండలం, మీకు పక్కనే. మా అమ్మమ్మ నడుం వంగిపోయి, చేతులు చాచలేక బతికింది. మీవైపు, మావైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు.

కాచి చల్లార్చితే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. నీరు ఆవిరై ఉన్న ఫ్లోరైడ్ ఇంకా చిక్కనవుతుంది. క్యాండిల్ ఫిల్టరుతోనూ పోదు. ఆర్‌ఓతో పోతుంది. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతి ఒకటుంది, దానికి దేశం బయట కూడా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. ఇది గొప్ప అనుకోవాలో, ఏడవాలో. మిషన్ భగీరథ నల్లా వస్తే అదే తాగండి. వంటకు కూడా అదే వాడండి. చాలా ఇళ్లలో తాగడానికి క్యాన్ తెప్పించుకుని అన్నం, పప్పు బోరు నీళ్లతో వండుతారు, అదంతా కడుపులోకే కదా. మీ బాబుది పళ్లు తయారయ్యే వయసు, వాడి విషయంలో జాగ్రత్త.

చెలకబాట
థాంక్స్ చెల్లెమ్మా. తాగడానికి నల్లా నీళ్లే. వంటకు మాత్రం ఏది దగ్గరుంటే అది వాడుతున్నాం. ఈరోజు నుంచి మారుస్తాం.

గట్టుమీది_గువ్వ
పందులకు అంత కావలి ఎందుకన్నా, మోటరు లైన్ నుంచి ఒక వైరు గుంజి పొలం చుట్టూ తిప్పితే అయిపోతది. మా దిక్కు అందరు చేస్తున్నరు.

పాలమూరు_పల్లి
అందరు చేస్తున్నరు, అందరి ఊళ్లల్ల ఎవరో ఒకరు చస్తున్నరు. పందికి పెట్టిన వైరుకు పొద్దున్నే నీళ్లు కట్టను పోయిన రైతే తగులుకుంటడు. అడ్డదారిన పోయే పిల్లలుంటరు. కేసు అయితే జైలుకే. సోలార్ కంచె పెట్టుకో, అది ఆగి ఆగి కొడుతది, జంతువు బెదిరి పోతది తప్ప చావదు. పైసలు ఎక్కువైతే పక్క రైతులతో కలిసి పెట్టుకో.

లైన్‌మన్_దోస్త్
కరెంటు మాట వచ్చింది కనుక ఇంకొకటి. ఆటో స్టార్టర్ ఉంటే తీసేయండి. కరెంటు పోయి రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న మోటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. 25 కేవీఏ డబ్బా ఐదారు మోటర్లకు మించి మోయలేదు. కాలిపోయిందంటే మరమ్మతు అయ్యేదాకా అందరి పంటా ఎండుడే. ఊళ్లో పేరు పోగొట్టుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది ఇది. మోటరుకు కెపాసిటర్ కూడా బిగించుకోండి. ఇంకా ఒకటి, వర్షంలో ఫ్యూజు మీరే వేయబోకండి, ఎంత అర్జెంటైనా.

కోస్గి_పోరడు
అందరు మంచిగనే చెప్తున్నరు. నాది ఒక ప్రశ్న. మా అమ్మానాన్న పాలమూరు నుంచి ముంబైకి మట్టి పనికి పోయినోళ్లు. నేను మా అవ్వ దగ్గర పెరిగిన. పండుగకొస్తే తప్ప వాళ్ల ముఖం తెలియదు. ఊరు ఇడిచిపెట్టి పోవడానికి మాకు ఎవరూ వీడియో చెయ్యలే, ఇప్పుడు పట్నం నుంచి ఊరికొస్తే వీడియోలే వీడియోలు. మీ మీద కోపం కాదన్నా. మీ పొలం దున్నిన ఆ కౌలుదారు ఇప్పుడు ఏం చేస్తున్నడు?

చెలకబాట
అడగాల్సిన ప్రశ్నే. అతను చౌటుప్పల్‌లో ఒక ఫ్యాక్టరీకి పోతున్నాడు, షిఫ్టు డ్యూటీ. మేం రమ్మన్నామని కాదు, అతనే ముందు వదిలేశాడు. పట్టా అమ్మ పేరు మీద ఉంది కాబట్టి రైతు బంధు, తర్వాత రైతు భరోసా పెట్టుబడి సాయం అమ్మ ఖాతాలో పడేది, పెట్టుబడి అతనిది, కౌలు ముందే కట్టాలి. ఒక ఏడాది వాన వెనక్కి పోతే ఇక లేవలేకపోయాడు. అమ్మ అతనికి ఆ డబ్బు ఇచ్చేదని చెప్తుంది, ఎంత ఇచ్చిందో నేను అడగలేదు. ఇప్పుడు సెలవు రోజున వచ్చి మాకు మందు కొడతాడు. ఏ మూల చెలకలో తేమ ఎక్కువ నిలుస్తుందో అతనికి తెలిసినంత నాకు తెలియదు.

కూలీల విషయంలో కూడా అంతే. నేను ఫోన్లు చేస్తే "చూస్తం" అనేవారు. అమ్మ సాయంత్రం పోయి వాళ్ల అరుగు మీద కూర్చుని, పిల్ల పెళ్లి సంగతి, మోకాళ్ల నొప్పుల సంగతి అన్నీ అయ్యాక లేస్తూ "రేపు మా దిక్కు కలుపుకు రాండ్రే" అంటే పొద్దున్నే వచ్చేవారు. డబ్బు మాత్రం పొద్దు గూకకముందే చేతిలో పెట్టాలి. రేపిస్తామంటే ఎల్లుండి ఎవరూ రారు.

ముగ్గులపీట
ఇంతసేపూ బోరు, బత్తాయి, పందులు, ట్రాన్స్‌ఫార్మర్. చెలకబాట గారూ, మీ ఇంటావిడ ఈ ఏడాది గురించి ఏమంటారు? ఆవిడకు వీలైతే ఆవిడనే రాయమనండి.

చెలకబాట
నేను చెలకబాట వాళ్ల ఇంటావిడను. ఆయన ఫోన్ ఇచ్చి రాయమన్నారు. స్లాబు మీద కూర్చుని రాస్తున్నా, కింద సిగ్నల్ రాదు.

ముందు ఒక సవరణ. అప్పు కాలేదని పైన రాశారు. నా గొలుసు జులై నుంచి బ్యాంకులో ఉంది. దాన్ని ఏమంటారో ఆయననే అడగండి.

నేను పట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో చెప్పేదాన్ని. చిన్న జీతమే, కానీ నాది. ఇక్కడ అది లేకపోవడమే నాకు కష్టంగా ఉంది. మిగతావన్నీ అలవాటయ్యాయి. పొయ్యి మీద నీళ్లు కాచుకోవడం అలవాటైంది. ఇంటి ముందు నుంచి పోయే ప్రతి మనిషీ "ఏం కూర?" అని అడగడం అలవాటైంది, ఇప్పుడు నేనూ అడుగుతున్నా. "పట్నం కోడలు" అన్న పేరు ఇంకా పోలేదు. చీర కట్టినా, డ్రెస్సు వేసినా ఒక మాట ఉంటుంది.

బర్రె సంగతి చెప్తాను. అత్తమ్మకు మోకాలు నొప్పి లేచి పది రోజులు కూర్చోలేకపోయింది. నేను పాలు పిండబోతే అది ఒక్క చుక్క చేపలేదు. దూడను విడిచినా, దాణా పెట్టినా తల తిప్పి నన్ను చూసి బుస్సుమంటుంది. అత్తమ్మ మంచంలో నుంచే "నా పాత చీర కప్పుకుని పో" అంది. ఆ పేడ వాసన చీర చుట్టుకుని, అత్తమ్మ అనే "హో, హో" అనుకుంటూ కూర్చుంటే పొదుగు వదిలింది. మూడో రోజు నుంచి నా నైటీ మీదే ఇస్తోంది. పాలకేంద్రంలో ఫ్యాట్ చూసి డబ్బు కడతారు, ఆ పాల డబ్బు మాత్రం నా చేతికే రావాలని ఇంట్లో మాట తీసుకున్నా.

పిల్లల గురించి ఎవరూ అడగలేదు. పాపను జెడ్పీ హైస్కూల్లో వేశాం, బాబు వ్యాన్‌లో ప్రైవేటుకు పోతాడు. ఎందుకిట్లా వేర్వేరుగా అంటే, జెడ్పీలో లెక్కల సారు బాగా చెప్తాడని పాపే తేల్చుకుంది. మొదట్లో ఆమె మాట మీద క్లాసులో నవ్వేవాళ్లట. ఇప్పుడు మాతో కూడా "గట్లనే" అంటోంది. రాత్రి ఎనిమిది తర్వాత బయటికి పోకూడదంటే మాత్రం కోపం వస్తుంది, పట్నంలో ట్యూషన్ నుంచి ఆ టైముకే కదా వచ్చేది.

బతుకమ్మకు తంగేడు, గునుగు మా గెట్టు మీదే కోశాను. ఎల్బీనగర్‌లో అదే పూవును కవర్లో కొన్న రోజులున్నాయి. ఆ తొమ్మిది రోజులు బాగా గడిచాయి. ఆ తర్వాత పత్తి ఏరుడు మొదలైంది, ఇక మనిషికి మనిషి కనిపించలేదు.

పాముల గురించి కూడా రాయనివ్వండి. చేనులో రక్తపింజర రెండుసార్లు కనబడింది. నాకు వణుకు తగ్గలేదు, తగ్గుతుందని కూడా అనుకోను.

ముగ్గులపీట
అమ్మా, బాగా రాశారు. గొలుసు మాట చదివి మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం, మాదీ అక్కడే ఉంది కాబట్టి.

నీళ్లచెంబు
వదినా, కింద పడుకోకండి, దోమతెర చుట్టూ పరుపు కిందికి దోపండి. కట్లపాము రాత్రిపూట నిద్రలోనే కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. ఏ పాము కరిచినా తాడు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి విషం విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆస్పత్రికి పోవాలి. చేనుకు పోయేటప్పుడు బూట్లు, రాత్రి టార్చి.

పట్టాపుస్తకం
ఒక ముఖ్యమైన విషయం ఎవరూ పట్టించుకోలేదు. పట్టా అమ్మగారి పేరు మీద ఉందన్నారు. ఆవిడ వయసెంత? రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారులకే. ఇప్పుడు పొలంలో ఎండా వానా పడుతున్నది మీరిద్దరు, కానీ మీకేమైనా అయితే ఆ బీమా 5 లక్షలు రావు, ఎందుకంటే కాగితంలో మీరు రైతే కాదు. అమ్మగారికి ఇష్టమైతే కొంత భూమి మీకు, కొంత మీ ఆవిడకు దాన సెటిల్‌మెంట్ చేయించుకోవచ్చు. భూభారతిలో స్లాట్ పెట్టుకుని తహసీల్దార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్. అమ్మగారి పేరు మీద కూడా కొంత ఉంచండి, ముసలితనంలో ఆవిడకు ఆ ధైర్యం కావాలి. తోబుట్టువులుంటే ముందే కూర్చుని మాట్లాడుకోండి. గెట్టు తగాదా ఏమైనా ఉంటే బత్తాయి గుంతలు తీయకముందే సర్వే చేయించండి. చెట్టు పెట్టాక గెట్టు జరపడం కుదరదు.

చెలకబాట
అమ్మకు 64. ఇది మాకు తట్టనే లేదు. ఇద్దరు అక్కలున్నారు, ఈ ఆదివారం వస్తున్నారు, మాట్లాడతాం. అమ్మకు చెప్పగానే "కోడలి పేరు మీద ఎకరం రాయి, బర్రె దాని మాట వింటున్నది" అంది. గొలుసు కందుల డబ్బు రాగానే విడిపిస్తానని ఇంట్లో ఒప్పందం అయింది, అది ఇక్కడ కూడా రాయమని ఆర్డర్.

కోస్గి_పోరడు
అన్నా, ఆ మందు కొట్టే అన్నను బత్తాయి మధ్యల అంతర పంటకు పాలుకు పెట్టుకోరాదు? పెట్టుబడి మీది, పని ఆయనది, పంట సగం సగం. ఫ్యాక్టరీ ఇడిచిపెట్టి వస్తడో రాడో, అడిగితే తప్పు లేదు గదా.

చెలకబాట
అడుగుతాను తమ్ముడూ. నెల జీతం వదిలి రమ్మని అడగడానికి నోరు రావాలి, అదొక్కటే. ఫ్యాక్టరీ మానకుండా సెలవు రోజుల్లో చేయగలిగితే అదైనా సరే.

మామా, డ్రిప్పుకు సబ్సిడీ ఎట్లా ఉంది? గుంతలు ఎప్పుడు తీయాలి?

బత్తాయి_మామ
ఎస్సీ, ఎస్టీలకు నూరు శాతం, బీసీలకు, చిన్న రైతులకు తొంభై, మిగతావాళ్లకు ఎనభై. మండల ఉద్యానాధికారి దగ్గర దరఖాస్తు పెట్టు. నిధులు వచ్చేదాకా ఆగాలె, అందుకే ఇప్పుడే పెట్టు. గుంతలు ఎండల్లనే తియ్యి, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. కొన్ని రోజులు ఎండకు వదిలేసి, మాగిన పెంట, పై మట్టి కలిపి నింపు. రెండు మంచి వానలు పడ్డంక మొక్క పెట్టు.

మొక్కలు రోడ్డు మీద ఆటోల తెచ్చేటోని దగ్గర కొనకు. కొండమల్లేపల్లిల ఉద్యాన పరిశోధన కేంద్రం ఉన్నది, నేను శుక్రవారం పోతున్న. రావాలనుంటే పొద్దున ఏడింటికల్లా నల్లగొండ బస్టాండు కాడ ఉండు. మట్టి పరీక్ష చేయించిన కాగితం ఉంటే పట్టుకురా, లేకుంటే తోట పెట్టే జాగల గుంత తవ్వి, పైనుంచి ఒక్కో అడుగు లోతు మట్టిని వేరేవేరే సంచులల్ల తే.

చెలకబాట
కాగితం లేదు మామా, మట్టే తెస్తాను. మా ఆవిడ కూడా వస్తానంటోంది.

బత్తాయి_మామ
రానియ్యి. చెట్లు ఎంచుకునేటప్పుడు ఆడోళ్లుంటే బేరం కూడా మంచిగైతది.